వేడికి తట్టుకునే ఎపాక్సీ కోసం వెతుకుతున్నా.. ఇందులో కెరీర్ ఉంటుందా?

ప్రశ్న: ఈసీఈ మూడో ఏడాది చదువుతున్నాను. ప్రాజెక్టులో భాగంగా బాయిలర్ పైపుకు బిగించే టెంపరేచర్ సెన్సర్ చేశాం. హార్డ్‌వేర్ షాపులో కొన్న ఎపాక్సీతో (రెండు భాగాలు కలిపితే గట్టిపడే జిగురు) సీల్ చేస్తే 120 డిగ్రీల దగ్గర మెత్తబడింది, కొన్ని రోజులకే లోపలి తీగ తెగింది. సరైన ఎపాక్సీ కోసం చదువుతుంటే ఈ మెటీరియల్స్ సబ్జెక్టే నచ్చేసింది. ఉద్యోగాలుంటాయా? ఇంట్లో సాఫ్ట్‌వేర్ కోర్సు చెయ్యమంటున్నారు.

జవాబు: ముందు మీ సెన్సర్ సంగతి చూద్దాం. డబ్బా మీద ‘హై టెంపరేచర్’ అని ఉందని కొనేయకండి. డేటాషీట్‌లో టీజీ, అంటే గ్లాస్ ట్రాన్సిషన్ టెంపరేచర్ ఎంతో చూడండి. అది దాటితే గట్టి ఎపాక్సీ రబ్బరులా మెత్తబడుతుంది. గది వేడికే గట్టిపడే మామూలు రకాలకు ఇది చాలావరకు 50-60 డిగ్రీలే. ఓవెన్‌లో వేడి చేసి గట్టిపరిచే (క్యూర్ చేసే) రకాల్లో 150 దాటినవి దొరుకుతాయి.

తీగ తెగడానికి కారణం బహుశా వ్యాకోచం. ఫిల్లర్ (కలిపే పొడి) లేని ఎపాక్సీ డిగ్రీకి 50-60 పీపీఎం, అంటే పది లక్షల్లో 50-60 వంతులు సాగితే, తీగలోని రాగి 17 దగ్గరే ఆగుతుంది. టీజీ దాటాక ఎపాక్సీ సాగుదల దాదాపు మూడు రెట్లవుతుంది. బాయిలర్ వేడెక్కి చల్లారిన ప్రతిసారీ ఆ లాగుడంతా సన్నటి తీగ మీదే. సిలికా పొడి కలిపిన రకంతో ఈ తేడా తగ్గుతుంది. 200 డిగ్రీలు దాటే చోటైతే ఎపాక్సీ మీద ఆశ వదులుకుని సిలికోన్ గానీ, ఇంకా పైన సిరామిక్ సిమెంట్ గానీ చూడాలి.

ఇంట్లోవాళ్లకు ఇదంతా జిగురు గొడవలాగే కనిపిస్తుంది. కానీ చిప్ చుట్టూ ఉండే నల్లటి పూత కూడా చాలావరకు సిలికా కలిపిన ఎపాక్సీయే! గుజరాత్‌లోని సాణంద్‌లో మైక్రాన్, అస్సాంలోని జాగీరోడ్‌లో టాటా పెట్టిన ప్లాంట్లు చేసేది చిప్‌లను ఇలా కప్పి సిద్ధం చేసే ప్యాకేజింగ్, టెస్టింగ్ పనే. వాహనాల సెన్సర్లు, రక్షణ, అంతరిక్ష రంగాల్లోనూ ఈ పని తెలిసినవాళ్లు కావాలి. అయితే సాఫ్ట్‌వేర్‌తో పోలిస్తే పోస్టులు తక్కువ, మొదటి జీతమూ తక్కువే ఉండొచ్చు. అది తెలిసే రండి.

ఈసీఈ వదలాల్సిన పని లేదు. సర్క్యూటూ, మెటీరియలూ రెండూ తెలిసినవాళ్లు అరుదు, మీ బలం అదే. గేట్‌లో ఎక్స్‌ఈ (ఇంజినీరింగ్ సైన్సెస్) పేపర్ రాస్తే మెటీరియల్స్ సైన్స్, పాలిమర్ సైన్స్ సెక్షన్లు ఎంచుకోవచ్చు. ఐఐటీ హైదరాబాద్, నిట్ వరంగల్‌లలో మెటీరియల్స్ ఎంటెక్ ఉంది. ఈసీఈ వాళ్లకు అర్హత ఉందో లేదో ఆ ఏడాది నోటిఫికేషన్‌లో చూసుకోండి. పైథాన్ కూడా నేర్చుకోండి, టెస్ట్ డేటాకు పనికొస్తుంది, ఇంట్లో టెన్షన్ కూడా తగ్గుతుంది.

ఈ సెలవుల్లో మూడు రకాల ఎపాక్సీలతో మూడు సెన్సర్లు సీల్ చేసి, ఓవెన్‌లో వేడి చేసి చల్లారుస్తూ ప్రతిసారీ రెసిస్టెన్స్ రాసుకోండి. రెజ్యూమెలో సర్టిఫికెట్ల కంటే ముందు ఆ గ్రాఫ్ పెట్టండి.