చిత్తూరు నుంచి ఒంటరిగా, ఒక్కరోజులో: నా ఓటు అబ్దుల్లాపురం ఎయిర్‌స్ట్రిప్‌కే

చిత్తూరు నుంచి పొద్దున ఒంటరిగా బయల్దేరి సాయంత్రానికి ఇల్లు చేరేలా, జనం లేని చోటు చెప్పమని అడిగారు. తలకోన, కైలాసకోన, హార్స్‌లీ హిల్స్ అని అందరూ ఒకటే పాట పాడతారు. ఆదివారం హార్స్‌లీ హిల్స్ మీద బండి పెట్టుకోవడానికే చోటు దొరకదు, ఇంక ఏకాంతం ఎక్కడ? నన్నడిగితే వేలూరు దాటాక బెంగళూరు రోడ్డు పక్కనున్న అబ్దుల్లాపురం ఎయిర్‌స్ట్రిప్ చూసి రండి. నేను వెళ్లినప్పటికి అక్కడ విమానాలు మొదలవ్వలేదు, కాబట్టి జనమూ లేరు.

ఒక్కటే చిక్కు. మా ఊళ్లో వేలూరు వెళ్తున్నానంటే చాలు, "ఎవురికి బాగలేదప్పా?" అంటారు. సీఎంసీ ఆసుపత్రికో, శ్రీపురం గుడికో కాకుండా వేలూరు బస్సెక్కే మనిషిని మా వీధి ఇంకా చూడలేదు. ఎదురింటి అత్త నా మాట వినకుండా ఫ్లాస్కులో కాఫీ పోసిచ్చి, డాక్టరు ఏం చెప్పాడో ఫోన్ చెయ్యమంది.

కాట్పాడి మీదుగా బస్సు, వేలూరులో ఇంకో బస్సు, దిగాక కొంచెం నడక. లోపలికి పోనివ్వరు, కంచె బయటి నుంచే చూడాలి. ఎండలో పొడుగ్గా రన్‌వే, దానికి అటూ ఇటూ గడ్డి. స్తంభానికి కట్టిన గుడ్డ గొట్టం ఉంటుంది చూడండి, విండ్‌సాక్, అదొక్కటే అక్కడ డ్యూటీలో ఉంది. గాలి పడిపోతే సొమ్మసిల్లి వేలాడుతుంది, కాసేపటికి మళ్లీ లేచి అడ్డంగా నిలబడుతుంది. గంటకు సుమారు 28 కిలోమీటర్ల గాలి ఉంటే పూర్తిగా సాగుతుందట. పైలట్లు గాలికి ఎదురుగా దిగాలి కదా, ఏ వైపు నుంచి రావాలో దీన్ని చూస్తే తెలిసిపోతుంది.

నేను అలా గుడ్లప్పగించి చూస్తుంటే వాచ్‌మన్ వచ్చాడు. తమిళం కలిసిన తెలుగులో, "ఏం సార్, ల్యాండ్ చూసేదానికి వచ్చినారా? ఇక్కడ సెంటు ఏం రేటు చెప్పినారు?" ఊరికే చూడ్డానికొచ్చానంటే నమ్మడే! ఒంటరి మగాడు ఖాళీ నేల వైపు చూస్తే రియల్ ఎస్టేట్ బ్రోకరే అయ్యుండాలి. చివరికి అత్త కాఫీ ఇద్దరం తాగాం. విమానం ఎప్పుడొస్తుందంటే, "వస్తాది సార్" అన్నాడు, ఆర్టీసీ కంట్రోలరు చెప్పినట్టే. అతని తెలుగు విని ఆశ్చర్యపోకండి. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా చిత్తూరూ వేలూరూ ఒకే ఉత్తర ఆర్కాటు జిల్లా, దానికి హెడ్‌క్వార్టర్ మన చిత్తూరే.

మధ్యాహ్నం హోటల్లో మాత్రం ఒంటరివాడికి మర్యాద లేదు. "సింగిలా?" అని చేతులు కడిగే తొట్టి పక్కన కూర్చోబెడతారు. మీల్స్‌కి డబ్బు మాత్రం అంతే.

ఇక నా గోడు. 2022లో జిల్లాలు విడదీశాక రేణిగుంట ఎయిర్‌పోర్టు తిరుపతి జిల్లాకు పోయింది, మా వాటాకు 2019లో కుప్పంలో వేసిన శంకుస్థాపన రాయి మిగిలింది. చిన్న ఊళ్లకూ విమానాలు నడపాలన్న కేంద్రం వారి ఉడాన్ పథకం మంచిదే, కాదనను. కానీ అటు చెన్నై, ఇటు బెంగళూరు పెట్టుకుని మధ్యలో చిన్న విమానం ఎక్కేదెవరు? ఎయిర్‌పోర్టుకు పోయి, చెకింగ్ దాటి, కూర్చునేలోపు చిత్తూరువాడు బస్సులో చెన్నై చేరిపోడూ? ఆ డబ్బేదో మాకు నాలుగు మంచి రైళ్లకు పెట్టమనండి.