మెల్‌బోర్న్‌లో ఫుటీ ప్రీసీజన్ ట్రైనింగ్ చూడడానికి పాపని తీసుకెళ్లొచ్చా?

మెల్‌బోర్న్ పడమటి శివారు టార్నీట్‌కి వచ్చి ఆరు నెలలైందని, సోమవారం ఆఫీసులో అందరూ ఫుటీ (ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్) గురించే మాట్లాడుతుంటే ఒక్క ముక్క అర్థం కావట్లేదని రాశారు. బుల్‌డాగ్స్ అనే జట్టు ప్రాక్టీస్‌ని టికెట్ లేకుండా చూడొచ్చట, ఎనిమిదేళ్ల పాపతో వెళ్తే ఏమైనా తెలుస్తుందా, లేక ఎండలో నిలబడి రావడమేనా అని అడిగారు.

వెళ్లండి. తప్పకుండా వెళ్లండి. నాకు ఈ ఆట వంటబట్టింది మ్యాచ్‌ల వల్ల కాదు, బుల్‌డాగ్స్ గ్రౌండ్ విటెన్ ఓవల్ కంచె పట్టుకుని చూసిన ప్రాక్టీసుల వల్లే. మ్యాచ్‌లో అంతా ఒక్కసారిగా మీద పడుతుంది. జట్టుకి 18 మంది, క్రికెట్ ఆడేంత గ్రౌండ్, ఆఫ్‌సైడ్ లేదు, ఎవరు ఎటైనా పోవచ్చు. కొత్తవాళ్లకి బంతి ఎక్కడుందో వెతుక్కోవడంతోనే సరిపోతుంది. ప్రాక్టీస్‌లో అదే ఆటని ముక్కలుగా విడదీసి, ఒక్కో ముక్కని పదిసార్లు, ఇరవైసార్లు చేస్తారు. మొదటిసారి తెలియనిది ఐదోసారికి తెలుస్తుంది.

మాది కాకినాడ. 2015లో ఇక్కడికి వచ్చాం. వెస్ట్ ఫుట్‌స్క్రేలో అద్దెకుండేవాళ్లం, నాకు దగ్గర్లోనే ఒక ఏజ్డ్ కేర్ హోమ్‌లో ఉద్యోగం. అక్కడ ఒక పెద్దావిడ ఉండేవారు. పుట్టిందీ పెరిగిందీ ఫుట్‌స్క్రేలోనే. 1954లో బుల్‌డాగ్స్ మొదటిసారి ప్రీమియర్‌షిప్, అంటే ఈ పెద్ద లీగ్ కప్పు, గెలిచేటప్పటికి ఆవిడకి పదిహేనేళ్లు. ఆ తర్వాత 62 ఏళ్లు ఆ జట్టుకి మళ్లీ కప్పు లేదు. 2016 అక్టోబర్ 1న మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్ (ఎంసీజీ)లో ఫైనల్లో సిడ్నీ జట్టుని ఓడించిన రోజు నాకు మధ్యాహ్నం డ్యూటీ పడింది. చివరి సైరన్ మోగాక టీవీ గదిలో అందరూ అరుస్తుంటే ఆవిడ ఏమీ మాట్లాడకుండా నా చెయ్యి పట్టుకుని అలాగే కూర్చుండిపోయారు. ఆ చెయ్యి చాలాసేపు వణుకుతూనే ఉంది.

ఆ నవంబర్‌లో నాకు నైట్ డ్యూటీలు వచ్చాయి. ఒకరోజు పొద్దున్న నేను బ్యాగ్ సర్దుకుంటుంటే ఆవిడ పిలిచి, "నువ్వు ఇంటికి వెళ్లేది ఓవల్ పక్కనుంచే కదా, మన కుర్రాళ్లు మళ్లీ పరుగు మొదలుపెట్టారు, ఎవరెవరు వచ్చారో చూసి రా" అన్నారు. ఆవిడ నడవలేరు. సరే, ఒక పది నిమిషాలు చూసి పోదామని ఆగాను. గంటన్నర ఉండిపోయాను.

ఆ రాత్రి పడుకునే ముందు టీ ఇస్తూ నాకు తెలిసినట్టు చెప్పాను. పేర్లు తెలియవు. పొడుగ్గా ఉన్నవాడు, ఎడమ కాలితో తన్నేవాడు, మోకాలికి కట్టు కట్టుకుని పక్కన ఒక్కడే నడుస్తున్నవాడు, ఇలా చెప్పుకుంటూ పోయాను. ఆవిడ కళ్లు మూసుకుని వింటూ ఒక్కొక్కళ్ల పేరు చెప్పేశారు. తర్వాత ఒక మాట అన్నారు, ఇప్పుడు మీకూ అదే చెప్తున్నాను: "బంతిని చూడకు, బంతి లేనివాళ్లు ఎటు పరుగెడుతున్నారో చూడు." టీవీలో కెమెరా ఎప్పుడూ బంతి వెంటే తిరుగుతుంది కాబట్టి అది కనిపించదు. గ్రౌండ్ పక్కన నిలబడితేనే కనిపిస్తుంది. ఒకడి చేతికి బంతి రాగానే అరవై మీటర్ల అవతల ఇంకొకడు తనవైపు రానే రాని బంతి కోసం ఊపిరి ఎగబోసుకుంటూ పరుగెత్తుతాడు. అతని వెంట కాపలా వాడు పోతాడు. మధ్యలో ఖాళీ ఏర్పడుతుంది. బంతి ఆ ఖాళీలోకి వస్తుంది. ఈ సంగతి ఒక్కటి కంటికి ఆనితే చాలు, తర్వాత మ్యాచ్ చూస్తుంటే అంతా వేరేగా ఉంటుంది.

ఎప్పుడు వెళ్లాలంటే, ఫైనల్ సాధారణంగా సెప్టెంబర్ చివర్లో అయిపోతుంది, ఆటగాళ్లకి సెలవులు. నవంబర్‌లో ముందు కుర్రాళ్లు, అంటే మొదటి నాలుగేళ్లలో ఉన్నవాళ్లు వస్తారు. రెండు వారాల తర్వాత సీనియర్లు. కొత్తగా డ్రాఫ్ట్‌లో, అంటే క్లబ్‌లు కొత్త ఆటగాళ్లని వంతులవారీగా ఎంచుకునే చోట, ఎంపికైన పిల్లలు కూడా ఆ నెలాఖరుకే కనిపిస్తారు. పద్దెనిమిదేళ్ల వాళ్లు, వాళ్లని చూస్తే కాలేజీలో మొదటిరోజు గుర్తొస్తుంది. షూస్ కొత్తవి, ఏ వరుసలో నిలబడాలో తెలియదు, సీనియర్ ఎవరో భుజం పట్టుకుని పక్కకి జరుపుతారు. క్రిస్మస్‌కి మళ్లీ సెలవులు, జనవరిలో అసలు పని, ఫిబ్రవరిలో ప్రాక్టీస్ మ్యాచ్‌లు, మార్చిలో సీజన్. మీ పాపకి జనవరి అంతా స్కూలు సెలవులే కాబట్టి అప్పుడే మంచిది. రెండు జట్లుగా విడిపోయి నిజం మ్యాచ్‌లాగే ఆడడం కూడా జనవరి, ఫిబ్రవరిల్లోనే ఎక్కువ ఉంటుంది.

ఇక ఏం చూడాలి. మొదట హ్యాండ్‌బాల్. ఈ ఆటలో బంతిని విసరకూడదు. ఒక అరచేతిలో పెట్టుకుని రెండో చేతి పిడికిలితో కొట్టాలి. ప్రాక్టీస్ మొదట్లో నలుగురైదుగురు గుండ్రంగా నిలబడి ఒకరికొకరు అందిస్తుంటారు. దగ్గరగా ఉంటే ఆ చప్పుడు తెలుస్తుంది, తబలా మీద వేళ్లు పడ్డట్టు టకటకా వినిపిస్తుంది. కుడిచేత్తో కొన్ని, ఎడమచేత్తో కొన్ని. పాపతో ఇంట్లో సాఫ్ట్ బాల్‌తో ఒకసారి చేయించి తీసుకెళ్లండి, అక్కడికి వెళ్లాక తనే మీకు చెప్తుంది.

తర్వాత కిక్. దీనికోసం గోల్ పోస్టుల వెనక నిలబడాలి. ప్రాక్టీస్ చూడడంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు అదే. బంతి కోలగా ఉంటుంది కదా, దాన్ని నిలువుగా పట్టుకుని పాదం మీదకి వదులుతారు, తగలగానే అది వెనక్కి పల్టీలు కొడుతూ నేరుగా వస్తుంది. డ్రాప్ పంట్ అంటారు. నేను మొదట్లో కాళ్లనే చూసేదాన్ని. చాలా రోజులకి అర్థమైంది, అసలు విద్య అంతా చేతిలో ఉంది. ఒక సీనియర్ ఆటగాడు ప్రాక్టీస్ అయిపోయాక ఒక్కడే ఉండి, తన్నకుండా, ఊరికే బంతిని చేతిలోంచి పాదం దాకా వదలడం మళ్లీ మళ్లీ చేయడం చూశాను. కుడిచెయ్యి బంతిని పాదం దగ్గరదాకా దించుతుంది, ఎడమచెయ్యి ముందే తప్పుకుంటుంది. బంతి కొంచెం వంగినా దాన్ని పట్టుకుని మళ్లీ మొదటికి వచ్చేవాడు. అలా ముప్పై నలభై సార్లు చేశాక గానీ ఒక్కసారి తన్నలేదు. తన్నినప్పుడు అది నా ముందు నుంచే రెండు పోస్టుల మధ్యలోంచి పోయింది. ఆరు పాయింట్లు. మధ్య పోస్టులు తప్పి పక్క పోస్టుల మధ్యలోంచి పోతే ఒక్కటే.

గాలిలో బంతి పట్టుకోవడాన్ని మార్క్ అంటారు. కనీసం 15 మీటర్లు వచ్చిన కిక్‌ని కింద పడకుండా పట్టుకుంటే ఎవరూ మీదకి రాకూడదు, తీరిగ్గా తన్నుకోవచ్చు. ప్రాక్టీస్‌లో దీనికోసం కోచ్‌లు చేతులకి మెత్తటి దిండ్లలాంటివి తగిలించుకుని, ఆటగాడు ఎగిరిన క్షణంలో నడుం మీద, పక్కటెముకల మీద గుద్దుతుంటారు. కళ్లు బంతి మీంచి కదలకూడదు. మా అబ్బాయి మొదటిసారి చూసి భయపడ్డాడు, కొట్టేస్తున్నారని. మీ పాపకి ముందే చెప్పి ఉంచండి.

పరుగుల సంగతి ఎక్కువ చెప్పను, అవి చూడడం కొంచెం విసుగే. కానీ 2 కిలోమీటర్ల టైమ్ ట్రయల్ ఉన్న రోజు దొరికితే వదలకండి. ముందున్నవాళ్లు ఆరు నిమిషాల అటూ ఇటూగా ముగించేస్తారు. రెండు మీటర్ల పొడుగు, వంద కిలోల బరువు ఉండే రక్‌మెన్, అంటే ఆట మొదలయ్యేటప్పుడు గాల్లోకి ఎగిరి బంతి కోసం పోటీపడేవాళ్లు, చివర్లో వస్తారు. నేను చూసిన రోజు ముందే ముగించినవాళ్లు ఎవరూ కూర్చోలేదు, గీత దగ్గర నిలబడి చివరివాడు వచ్చేదాకా పేరు పెట్టి అరుస్తూనే ఉన్నారు. ఆటగాళ్ల వీపు పైన రెండు భుజాల మధ్య చిన్న ఉబ్బు కనిపిస్తుంది. అది జీపీఎస్. ఎంత దూరం, ఎంత వేగం అన్నీ లెక్క కడుతుంది.

గ్రౌండ్ అంచున విడిగా తిరిగే నలుగురైదుగురిని మాత్రం తప్పకుండా చూడండి. వాళ్లు దెబ్బలు తగిలి కోలుకుంటున్నవాళ్లు. ఇక్కడి పాత అభిమానులు వచ్చీ రాగానే చూసేది అటే. ఈ వారం నడిచినవాడు వచ్చే వారం జాగింగ్ చేస్తాడు, ఆ తర్వాత నేరుగా పరుగు, అన్నిటికన్నా చివర మలుపులు. మోకాలి లిగమెంట్ తెగితే దాదాపు ఏడాది పడుతుంది. అప్పటి కెప్టెన్ బాబ్ మర్ఫీకి 2016 సీజన్ మొదట్లోనే అదే జరిగింది. జట్టు 62 ఏళ్ల తర్వాత గెలిచిన ఫైనల్‌లో ఆయన ఆడలేకపోయారు. కప్పు అందుకునే వేదిక మీద కోచ్ లూక్ బెవరిడ్జ్ ఆయన్ని పైకి పిలిచి, తనకి వచ్చిన మెడల్ తీసి ఆయన మెడలో వేశారు. ఆ వేసవిలో పక్కన ఒంటరిగా పరుగెత్తేవాళ్లని చూసినప్పుడల్లా నాకు అదే గుర్తొచ్చేది. పెద్దావిడ కూడా రోజూ ముందు అడిగేది వాళ్ల గురించే. "ఇవాళ మలుపు తిరిగాడా?" అని. తిరిగాడని చెప్పిన రాత్రి రెండో కప్పు టీ అడిగి తాగారు. మర్ఫీ 2017 సీజన్‌కి తిరిగొచ్చి ఆడారు. ఆవిడ 2018 చలికాలంలో పోయారు. నేను ఆ ఇల్లు మారి వేరే సబర్బ్‌కి వచ్చినా నవంబర్ వస్తే విటెన్ ఓవల్‌కి వెళ్లకుండా ఉండలేకపోతున్నాను.

దారి చెప్తాను. టార్నీట్‌లో వీలైన్ (ప్రాంతీయ రైలు సర్వీసు) రైలెక్కి ఫుట్‌స్క్రేలో దిగండి. అక్కడ సన్‌బరీ లైన్ రైలు పట్టుకుంటే మిడిల్ ఫుట్‌స్క్రే తర్వాత వెస్ట్ ఫుట్‌స్క్రే, అక్కడ్నుంచి నడక. గ్రౌండ్ బయట టెడ్ విటెన్ విగ్రహం ఉంటుంది, ఓవల్‌కి ఆ పేరు ఆయనదే. 1954 జట్టులో ఆడినవాడు, ఇక్కడివాళ్లు ఆయన్ని మిస్టర్ ఫుట్‌బాల్ అంటారు. ప్రాక్టీస్ అయ్యాక ఆకలేస్తే బార్క్లీ స్ట్రీట్‌లో ఇడ్లీ, దోశ దొరుకుతాయి. మీ ఆఫీసు సిటీలో అయితే రిచ్‌మండ్ జట్టు సొంత గ్రౌండ్ పంట్ రోడ్ ఓవల్, ఎంసీజీ పక్కనే. దానికి దగ్గర్లోనే గోషెస్ ప్యాడక్ అనే పార్కులో మెల్‌బోర్న్ జట్టు ప్రాక్టీస్ చేస్తుంటుంది. కార్ల్‌టన్ అయితే ప్రిన్సెస్ పార్క్. కానీ పడమటి వైపు ఉంటున్నారు కాబట్టి బుల్‌డాగ్స్‌తోనే మొదలుపెట్టండి అంటాను. అది నా పక్షపాతమే, దాచుకోను.

అన్ని రోజులూ జనాన్ని రానివ్వరు. ఏ రోజు, ఎన్నింటికి అన్నది క్లబ్ వెబ్‌సైట్‌లో ముందురోజు రాత్రి ఒకసారి, బయల్దేరేముందు ఇంకోసారి చూసుకోండి. ఒక జనవరిలో నేను చూసుకోకుండా పిల్లలిద్దరినీ తీసుకుని రైల్లో వెళ్లాను. ఎండ తీవ్రంగా ఉంటుందని ప్రాక్టీస్ తెల్లవారుజాముకి మార్చారు, మేం వెళ్లేసరికి గ్రౌండ్‌లో స్ప్రింక్లర్లు తిరుగుతున్నాయి. పిల్లలు ఏడుపు ముఖాలు పెట్టారు, నాకు చాలా బాధేసింది. ఇక్కడి ఎండ మన ఎండలా చెమట పట్టించదు కాబట్టి తెలియదు, అరగంటలో చర్మం కందిపోతుంది. టోపీ, సన్‌స్క్రీన్, నీళ్ల సీసా, ఈగలు తోలుకోవడానికి ఒక చిన్న తువ్వాలు. మార్కర్ పెన్ను కూడా పెట్టుకోండి. ఓపెన్ ట్రైనింగ్ రోజున చాలామంది ఆటగాళ్లు కంచె దగ్గరికి వచ్చి పిల్లలకి సంతకాలు పెడతారు, పేరు అడిగి మరీ మాట్లాడతారు.

ఆడపిల్ల కదా, ఇది మగవాళ్ల ఆట అనుకుంటుందేమో అన్న సందేహం ఉంటే, అమ్మాయిల లీగ్ 2017లో మొదలైంది. 2018లో దాన్ని గెలిచింది బుల్‌డాగ్స్ అమ్మాయిలే. వాళ్ల మ్యాచ్‌లు ఇదే విటెన్ ఓవల్‌లో జరుగుతుంటాయి. పాపకి నచ్చితే పిల్లల కోసం ఆస్కిక్ అని ఉంటుంది, మీ చుట్టుపక్కల పార్కుల్లోనే నేర్పిస్తారు.

ఒక్క పని మాత్రం చేయించండి. వెళ్లగానే పాపని ఎవరో ఒక ఆటగాణ్ణి ఎంచుకోమనండి. పేరు అక్కర్లేదు, షార్ట్స్ మీద నంబరు చాలు, లేకపోతే జుట్టో నడకో ఏదో ఒక గుర్తు. ఇరవై నిమిషాలు బంతి ఎటు పోయినా ఆ ఒక్కరినే చూడమనండి. మీరూ ఇంకొకరిని ఎంచుకోండి. రైల్లో తిరిగొచ్చేటప్పుడు ఒకరికొకరు చెప్పుకోండి. వెళ్లొచ్చాక పాప ఎవరిని ఎంచుకుందో ఇక్కడ రాయండి, నేను ఎదురుచూస్తుంటాను.