నడుం నొప్పికి అల్ట్రాసౌండ్... మిగతా సిటింగులు పూర్తి చేయాలా?

ప్రశ్న: నా వయసు 46. ఇంట్లోనే రోజుకు ఏడెనిమిది గంటలు మిషన్ కుడతాను. ఏడాదిగా నడుం నొప్పి. కాళ్లలోకి పాకదు, తిమ్మిర్లు లేవు. ఎమ్మారైలో ‘డిస్క్ బల్జ్’ అని వచ్చింది. ఫిజియోథెరపీ సెంటర్‌లో అల్ట్రాసౌండ్ పది సిటింగులు చెప్పారు, ఆరు అయ్యాయి. పెట్టించుకున్న సాయంత్రం హాయిగా ఉంటుంది, తెల్లారేసరికి మళ్లీ మామూలే. అల్ట్రాసౌండంటే స్కానింగే కదా, దాంతో నొప్పి ఎలా తగ్గుతుంది? మిగతా నాలుగూ పూర్తి చేయాలా?
- ఓ పాఠకురాలు, తెనాలి

జవాబు: ఆ నాలుగూ మానేసినా మీకు నష్టమేమీ లేదమ్మా.

రెండిట్లోనూ ఉండేవి చెవికి వినపడని శబ్ద తరంగాలే. స్కానింగ్‌లో అవి లోపలి అవయవాలకు తగిలి వెనక్కొచ్చి బొమ్మ కడతాయి. ఇక్కడ కండరంలోకి దిగి కాస్త వెచ్చదనం పుట్టిస్తాయి. నడుముకు సాధారణంగా వాడే 1 మెగాహెర్ట్జ్ తరంగాలు మూడు నుంచి ఐదు సెంటీమీటర్ల లోతుకు వెళ్తాయి. చల్లటి జెల్ రాసి, ఆ గుండ్రటి బిళ్లను ఐదు పది నిమిషాలు తిప్పుతూనే ఉంటారు, గమనించారా? ఒకేచోట ఆపితే వేడి పోగై లోపల సుర్రుమంటుంది. అలా అనిపిస్తే వెంటనే చెప్పాలి. షుగర్ వల్ల స్పర్శ తగ్గినవాళ్లకు ఆ సుర్రు కూడా తెలియదు కాబట్టి వాళ్లకు మరింత జాగ్రత్త అవసరం. గర్భిణులకు నడుం మీద అసలు పెట్టకూడదు.

మీకు సాయంత్రం దొరికే హాయి అబద్ధం కాదు. ఆ వెచ్చదనం, కాసేపు బోర్లా పడుకున్న విశ్రాంతి, ఒకరు శ్రద్ధగా చూశారన్న ఊరట, అన్నీ కలిసిన హాయి అది. తెల్లారి కూర్చునేది మళ్లీ అదే స్టూలు మీద కదా! దీర్ఘకాలిక నడుం నొప్పికి అల్ట్రాసౌండ్ మీద జరిగిన పరిశోధనలను, వైద్య పరిశోధనలన్నిటినీ కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2014లో, మళ్లీ 2020లో జల్లెడ పట్టింది. గట్టి ఆధారం దొరకలేదు. బ్రిటన్‌లో ఏ చికిత్స ఇవ్వాలో సూచించే ప్రభుత్వ సంస్థ ‘నైస్’ 2016లోనే దీన్ని ఇవ్వొద్దంది. 2023 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా వద్దనే చెప్పింది, ట్రాక్షన్‌నూ (బరువులతో నడుమును లాగి పట్టే చికిత్స) నడుం బెల్టునూ దీని పక్కనే చేర్చింది. మన దగ్గర మాత్రం ముందు అల్ట్రాసౌండ్ మిషన్, టైముంటే వ్యాయామం! నాకైతే ఇది తలకిందుల వరసే.

ఎమ్మారై రిపోర్టు చూసి బెంగపడకండి. నడుం నొప్పే ఎరగని నలభై ఏళ్లవాళ్లకు తీసినా దాదాపు సగం మందిలో బల్జ్, అంటే వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి డిస్క్ కాస్త బయటికి ఉబ్బడం, కనిపిస్తుంది.

వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, పాదాలు నేలకు ఆనించి నడుమును మెల్లగా పైకెత్తండి. ఐదు అంకెలు లెక్కపెట్టి దించండి. పదిసార్లతో మొదలుపెట్టండి. మొదటి వారం ఒళ్లు పట్టేసినట్టు ఉండటం మామూలే. రోజూ అరగంట నడవండి. స్టూలు తీసేసి వీపుకు ఆనే కుర్చీ వేసుకోండి, మిషన్ మీదికి వంగాల్సిన పని లేకుండా ఎత్తు సరిచూసుకోండి. బాబిన్‌కు దారం చుట్టే నెపంతోనైనా అరగంటకోసారి లేవండి. నెలన్నర, రెండు నెలలు ఓపిక పట్టాలి.

మూత్రం ఆగిపోవడం లేదా తెలియకుండా పోవడం, మలద్వారం చుట్టూ మొద్దుబారడం, కాలు పట్టుతప్పడం, వీటిలో ఏది కనిపించినా అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి. జ్వరం, బరువు తగ్గడం, రాత్రి పడుకున్నా తగ్గని నొప్పి ఉంటే వెన్నెముక క్షయ లాంటివి లేవని తేల్చుకోవాలి.

మిగిలిన నాలుగు సిటింగులకు డబ్బు ముందే కట్టేసి ఉంటే, ‘మిషన్ వద్దండీ, ఆ టైములో వ్యాయామాలు నేర్పండి’ అని మీ ఫిజియోథెరపిస్టును అడగండి. మీరు చేస్తుంటే పక్కనే నిలబడి తప్పులు దిద్దమనండి.