పాఠకుల ప్రశ్నలు: ఊరి గుర్తులు, పాతపేర్లు రాసిపెట్టడం

ప్ర: మాది గజపతి జిల్లా కాశీనగర్ వైపు పల్లె. గెడ్డలకు, మెట్టలకు, పొలాలకు పెద్దవాళ్లు చెప్పే పేర్లు పట్టాల్లో కనబడవు. వీటిని పద్ధతిగా రాయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

జ: ముందు మౌజా పటం, అంటే మీ రెవెన్యూ గ్రామం పటం, సంపాదించండి. ఒడిశా భూనక్షా సైట్లో ప్లాట్ నంబర్లతో దొరుకుతుంది. దాన్ని పెద్దగా ముద్రించుకుని, చేతబట్టుకుని నడవండి. అరుగు మీద కూర్చుని అడిగితే చెరువు పేరొక్కటే చెబుతారు. గట్టు మీద నిలబడి అడిగితే మదుముకీ, నీరు పొర్లే చోటుకీ, గట్టు మలుపుకీ విడివిడిగా పేర్లు బయటికొస్తాయి. పశువులు కాసేవాళ్లనూ, కట్టెలకు కొండెక్కే ఆడవాళ్లనూ తప్పక అడగండి. ఆ పేర్లతో వాళ్లకు రోజూ పని.

"దీన్ని రాజుగారి చెరువంటారు కదా?" అంటే మర్యాదకు ఔననేస్తారు. "దీన్నేటంతారు?" అని మాత్రం అడిగి ఊరుకోండి. ముగ్గురిని విడివిడిగా అడగండి. పేరు తేడా వస్తే రెండూ రాయండి, ఏది అసలుదో తేల్చే పని పెట్టుకోవద్దు.

చోటుకో పేజీ కేటాయించండి. అందులో విన్నది విన్నట్టుగా పేరు, అదేమిటి, ప్లాట్ నంబరు, అక్షాంశ రేఖాంశాలు, చెప్పినవారి వయసు, తేదీ ఉండాలి. వారి పేరు ఒప్పుకుంటేనే రాయండి. పేరు వెనక కథకు వేరే గడి ఉంచండి. రెండూ కలిపేస్తే కథకు సరిపడేలా పేరునే దిద్దేస్తారు. అన్నిటికన్నా ఎక్కువ చెరుపు చేసేది ఇదే.

ఫోన్లో లొకేషన్ తీసేటప్పుడు ఆరుబయట ఒకటి రెండు నిమిషాలు ఆగండి. చెట్ల కింద, కొండ వారన పది మీటర్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే తప్పు చూపిస్తుంది. దశాంశం తర్వాత 5 అంకెలు చాలు, అది సుమారు ఒక మీటరుతో సమానం. ఫోటోలు వాట్సాప్‌లో మామూలుగా పంపితే అందులోని లొకేషన్ పోతుంది కాబట్టి డాక్యుమెంట్‌గా పంపండి.

ప్ర: గుణుపురం దగ్గర మా ఊరి పేరు ఒడిశా భూరికార్డుల సైట్ భూలేఖ్‌లో దొరకడం లేదు. ఎందుకని?

జ: మన ‘వ’ ఒడియా రాతలో సాధారణంగా ‘బ’ అవుతుంది. ‘వలస’ను ‘బలస’ దగ్గర వెతకండి. ఎ-ఏ, ఒ-ఓ తేడా కూడా ఆ లిపిలో లేదు. అందుకే తెలుగులోనూ రాసి, పలుకును ఫోన్లో రికార్డు చేసి ఉంచుకోండి. సవర పేర్లకైతే రికార్డు మరీ ముఖ్యం. ఆ భాషలో గొంతు బిగపట్టి ఆపే పలుకుకి తెలుగు, ఒడియా రెండు లిపుల్లోనూ అక్షరం లేదు.

1936 ఏప్రిల్ 1కి ముందటి కాగితాలు మద్రాసు రాజధానివి. గుణుపురం అప్పట్లో విశాఖపట్నం జిల్లా, పర్లాకిమిడి గంజాం జిల్లా. చెన్నై ఎగ్మోరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో, భువనేశ్వర్‌లోని ఒడిశా ఆర్కైవ్స్‌లో ఆ జిల్లాల పేర్లతోనే అడగాలి.

ప్ర: పొలం గట్టున అక్షరాల రాయి ఉంది. ముగ్గుపిండి రాసి ఫోటో తీయవచ్చా?

జ: వద్దండీ. ముగ్గుపిండే కాదు, నూనె, పసుపు కూడా వద్దు. పొడి పగుళ్లలో దిగి, లేని గీతలను ఉన్నట్టు చూపిస్తుంది. ఇనుప బ్రష్‌తో రుద్దితే పెచ్చులూడతాయి. చీకటి పడ్డాక టార్చిని దాదాపు రాతికి ఆనించి, నాలుగు పక్కల నుంచీ వెలుగు వేస్తూ నాలుగు ఫోటోలు తీయండి. అరిగిన అక్షరం ఏదో ఒక పక్క నీడలో తేలుతుంది. పక్కన స్కేలు పెట్టడం మరవకండి. ఫోటోలు మైసూరులోని పురావస్తు సర్వేక్షణ శాసన విభాగానికి పంపవచ్చు. రాయిని కదపకండి, చుట్టూ తవ్వకండి. భూమిలో దొరికినదాని విలువ 10 రూపాయలు దాటితే 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం కలెక్టరుకు తెలియజేయాలి.