గోల్డెన్ వాటిల్ గింజలు నెలైనా ఎందుకు మొలవవు?

తప్పు మట్టిది కాదు, గింజ పెంకుది. తుమ్మ జాతికి చెందిన ఈ చెట్టు ఆగ్నేయ ఆస్ట్రేలియాది. అక్కడ కార్చిచ్చు వేడికి పెంకు చిట్లి, తర్వాతి వానలకు మొలకలొస్తాయి. ఇంట్లో ఆ పని వేడినీళ్లు చేస్తాయి. మరిగించి దించిన నీళ్లు గింజల మీద పోసి రాత్రంతా వదిలేయండి. పొద్దున ఉబ్బి బొద్దుగా కనిపించేవే నాటండి. ఇంకా గులకరాళ్లలా ఉన్నవాటికి మళ్లీ వేడినీళ్లే. పొయ్యి మీద ఉడికిస్తే మాత్రం గింజ చచ్చిపోతుంది. కొమ్మ నాటి వేళ్లు రప్పించడం కష్టం, ఆ తంటా వద్దు.

మొదటి ఆకులు ఈకల్లా, అచ్చం తుమ్మాకులా ఉంటాయి. ఆ తర్వాత కొడవలి ఆకారంలో వెడల్పాటివి వస్తే వేరే మొక్కేమోనని టెన్షన్ పడకండి. నిజానికి అవి ఆకులు కావు, చదునుగా మారిన ఆకు కాడలు!

మొక్క చిన్నగా ఉండగానే, ఎండ తగిలే, నీరు నిలవని చోట నేలలో పెట్టేయండి. కుండీలో వేరు చుట్టుకుపోతే తర్వాత కోలుకోదు. నత్రజని ఎరువు అక్కర్లేదు, వేళ్ల బుడిపెల్లోని బాక్టీరియానే సమకూరుస్తుంది. కత్తిరింపు పూత అయిపోయాకే, అదీ లేత కొమ్మలకే.