సొరంగం కంటే ముందు తలుపు సంగతి తేల్చుకో

బల్లార్షా

బిడ్డా, ఆశీస్సులు.

ముంబైలో భూమి కింద నడిచే మెట్రో, ఆక్వా లైన్ స్టేషన్ నుంచి చుట్టూ ఉన్న ఆఫీసు భవనాలకు భూమి కింద నడకదారులు గీసే పని నీకు అప్పగించారని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. పెద్దనాన్న రైల్వేలో సబ్‌వేలు కట్టించాడు కదా, నాలుగు మాటలు రాయమను అన్నావట.

తవ్వకం లెక్కలు నీకు నాకంటే బాగా వచ్చు. వాటి జోలికి పోను. నేను చెప్పేది దారికి ఉన్న రెండు కొసల గురించి. ఒక కొస స్టేషన్లో ఉంటుంది, రెండోది ఎవరిదో భవనం బేస్‌మెంట్‌లో తేలుతుంది. అక్కడి తలుపు ఎవరిది? రాత్రి ఎన్నింటికి మూస్తారు? ఆదివారం తీస్తారా? మధ్యలో లైటు మాడిపోతే మార్చేది మెట్రోవాళ్లా, భవనంవాళ్లా, మున్సిపాలిటీనా? ఇవన్నీ కాగితం మీద తేలాకే గీత గీయి. మా సర్వీసులో పని ఆగిపోయిందంటే రాయి తగిలి ఆగింది తక్కువ, సంతకం దగ్గర ఆగిందే ఎక్కువ.

కెనడాలోని టొరంటోలో పాత్ (PATH) అనే భూగర్భ నడకదారి ఉంది. 30 కిలోమీటర్లకు పైనే ఉంటుంది, డెబ్బైకి పైగా భవనాలనూ, మెట్రో స్టేషన్లనూ, యూనియన్ స్టేషన్‌నూ కలుపుతుంది. కానీ అదంతా ఒకరి సొత్తు కాదు. ఏ భవనం కింది ముక్క ఆ భవనం యజమానిది. దాంతో ఎక్కడ తిరుగుతున్నామో తెలియక జనం తికమకపడుతుంటే, ఆ పేరులోని నాలుగు ఇంగ్లీషు అక్షరాలకు నాలుగు రంగులిచ్చి, ఒక్కో రంగును ఒక్కో దిక్కుకు గుర్తుగా పెట్టారు. అయినా కొత్తవాళ్లు ఇప్పటికీ దారి తప్పుతారు. నీ బోర్డుల మీద మాత్రం భవనం పేరొక్కటే రాయకు, పైన ఉన్న చౌక్ పేరు, రోడ్డు పేరు కూడా రాయి. కంపెనీలు మారతాయి, చౌక్ ఎక్కడికీ పోదు.

అదే దేశంలోని మాంట్రియల్‌వాళ్లు ఇంకాస్త తెలివిగా పోయారు. 1962లో ఒక పెద్ద భవన సముదాయం కిందే ఈ దారులు మొదలయ్యాయి. 1966లో మెట్రో వచ్చాక స్టేషన్ల పైనున్న స్థలాలను బిల్డర్లకు దీర్ఘకాలం లీజుకిచ్చారు, భవనాలు స్టేషన్‌తో కలిసే లేచాయి. నువ్వు కూడా కట్టేసిన భవనం వెంట పడి బతిమాలుకోకు. ప్లాన్ మంజూరుకు వచ్చే కొత్త భవనాలేవో ముందు కనుక్కో. గోడలో తలుపుకు చోటు వదలమని అప్పుడే షరతు పెట్టించు.

ఇక నీళ్లు. రైలు గేటు తీసేసి కట్టిన అండర్‌బ్రిడ్జిల్లో వానాకాలం ఏమవుతుందో మన వైపు చిన్నపిల్లాడినడిగినా చెప్తాడు. పంపు ఉంటుంది, దాన్ని నడిపేవాడు ఉండడు. ముంబై వాన సంగతి సరేసరి, 2005 జూలై 26న శాంతాక్రూజ్‌లో ఒక్క రోజులో 944 మిల్లీమీటర్లు పడింది. మొన్న 2025 మే 26న మీ ఆక్వా లైన్‌లోనే ఉన్న ఆచార్య అత్రే చౌక్ స్టేషన్లోకి నీళ్లు ఎటునుంచి వచ్చాయో గుర్తుందా? ఇంకా పని నడుస్తున్న ప్రవేశమార్గం దగ్గర అడ్డుగోడ కూలి లోపలికి దూకాయి. నువ్వు కట్టబోయే ప్రతి కొత్త దారీ పని పూర్తయ్యేదాకా అలాంటి కన్నమే.

అందుకని మెట్లు రోడ్డు నుంచి నేరుగా కిందికి దిగకూడదు. ముందు మూడు నాలుగు మెట్లు పైకెక్కి, అక్కడినుంచి దిగాలి. వీల్‌చైర్ ర్యాంపూ, లిఫ్ట్ గుమ్మమూ అదే ఎత్తులో ఉండాలి. లేకపోతే మెట్ల దగ్గర ఆపిన నీళ్లు లిఫ్ట్ గుండా దిగుతాయి. చాలామంది చూడని చోటు ఇంకొకటుంది, భవనం పార్కింగ్ ర్యాంపు. వరద ముందు అటు దిగి, బేస్‌మెంట్ నింపి, నీ దారిలోంచి స్టేషన్‌కు పోతుంది. కాబట్టి స్టేషన్ కొసన నీళ్లు చొరని తలుపు పెట్టించు, దాని తాళం స్టేషన్‌వాళ్ల చేతిలోనే ఉండాలి. పంపుకు భవనం కరెంటు కాకుండా వేరే లైను అడుగు.

వెడల్పు విషయంలో సొరంగాన్ని కాదు, పైకి తేలే మెట్లను చూడు. 2017 సెప్టెంబరులో ముంబైలోనే ఎల్ఫిన్‌స్టన్ రోడ్ స్టేషన్ వంతెన మెట్ల మీద తొక్కిసలాటలో ఇరవైమందికి పైగా పోయారు. ఆ పొద్దున పెద్ద వాన, తడవకుండా జనం అక్కడే నిలబడిపోయారు, వెనక నుంచి రైళ్లు దిగినవాళ్లు వచ్చి పడ్డారు. వానలో బయటికొచ్చినవాడు గొడుగు తీయడానికి ఆగుతాడు బిడ్డా, ఆగొద్దని ఏ బోర్డు పెట్టినా ఆగుతాడు. మెట్ల పైన రేకుల కింద వాళ్లు నిలబడేంత జాగా వదులు.

స్టాళ్లు ఎలాగూ వస్తాయి. దారికి పక్కగా గూళ్లు కట్టి అందులోనే పెట్టించు, గ్యాస్ సిలిండర్ మాత్రం ససేమిరా ఒప్పుకోకు. జపాన్‌లోని సపోరోలో 2011లో తెరిచిన 520 మీటర్ల భూగర్భ దారిలో కూర్చునే చోటు, చిన్న సంతలు పెట్టుకునే చోటు అంచుల్లో విడిగా ఇచ్చారు, నడిచేవాళ్లకు అడ్డం రాదు.

తనిఖీ ఎవరు చేస్తారో ఒప్పందంలోనే రాయించు. 2022 నవంబరులో మన బల్లార్షా స్టేషన్‌లోనే పాదచారుల వంతెన పలకలు విరిగి మనుషులతో సహా పట్టాల మీద పడ్డాయి. భూమి కింద గోడలో చెమ్మ పడితే టైల్స్ వెనకాల కనబడనే కనబడదు, అందుకే అక్కడక్కడా విప్పి చూసే పలకలు పెట్టు.

దసరాకు వస్తావు కదా, డ్రాయింగులు పట్టుకురా. ప్లాన్ ఒక్కటే తెస్తే నాకు లాభం లేదు, రోడ్డు నుంచి ప్లాట్‌ఫారం దాకా నిలువు కోత కావాలి, భవనం పార్కింగ్‌తో కలిపి.

మీ పెద్దనాన్న