భట్టీ కనిపించదు, సెగ కొడుతుంది

ప్రశ్న: గెలాక్సీ నడిమధ్య ఉన్న బ్లాక్ హోల్‌ని ధూళి కప్పేస్తుందట కదా. కనపడనిదాన్ని పరారుణ కాంతితో ఎలా చూస్తారండీ? – డిగ్రీ విద్యార్థిని, మల్కాజిగిరి

జవాబు: రంజాన్‌లో హలీం భట్టీ పక్కన నిలబడ్డావా అమ్మా? ఇటుక, మట్టి గోడ వెనక మంట కనపడదు. మొహానికి మాత్రం సెగ కొడుతుంది. కంటికి కనపడని ఆ సెగే పరారుణ కాంతి. పోయినేడు టోలీచౌకిలో కూపన్ పట్టుకుని అరగంట నిలబడ్డాను. కళ్లద్దాలు వేడెక్కాయి గానీ, హలీం నా దాకా రాకుండానే అయిపోయింది!

ఇక్కడ ఆ గోడే ధూళి. బ్లాక్ హోల్‌లోకి పడబోయే వాయువు సుడి తిరుగుతూ కాగిపోయి అతినీలలోహిత కాంతిని చిమ్ముతుంది. ధూళి రేణువులు దాన్ని మింగి, వేడెక్కి, పరారుణ కాంతిగా వదులుతాయి. సుమారు 1,500 కెల్విన్ దాటితే రేణువే ఆవిరైపోతుంది, కాబట్టి మరీ దగ్గర ధూళి నిలవదు. అంటే మనం చూసేది బ్లాక్ హోల్‌ని కాదు, దాని దుప్పటిని.

ఉదాహరణకు, ఎం 77 అనే గెలాక్సీ దాదాపు 4.7 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. చిలీలోని పరానల్ కొండ మీద నాలుగు 8.2 మీటర్ల టెలిస్కోపుల పరారుణ కాంతిని కలిపి చూస్తే, బ్లాక్ హోల్‌ని దాచిన మందపాటి ధూళి వలయం తేలింది. 2022లో ప్రకటించారు. మన హైదరాబాద్‌లోని నౌబత్ పహాడ్ కొండ నుంచి ఈ పని కుదరదు. గాలిలోని తేమే పరారుణాన్ని చాలావరకు తాగేస్తుంది.

గెలాక్సీని మాత్రం నువ్వూ చూడొచ్చు. డిసెంబరులో వికారాబాద్ వైపు చీకట్లోకి వెళ్లి, ఆరంగుళాల టెలిస్కోపు పెట్టు. మసక మరకలా ఉంటుంది.